పక్క మంచం మాట

ఆండర్సన్‌పేట,
12 జూన్ 2011

చిరంజీవి రత్నకు మామ చౌడప్ప దీవెనలు.

ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడేసరికి, గనిలో పీల్చిన దుమ్ముకు దగ్గు వచ్చి మూడో మాటను మింగేస్తోంది. కాగితం మీదైతే దగ్గు పప్పులు ఉడకవు. అందుకని ఇకమీదట నీకూ నాకూ ఉత్తరాలే. మారికుప్పం రైల్లో రోజూ బెంగుళూరుకు పోయే పాండు చేతికిస్తాను. వాడు మీ పక్క వీధిలోనే వాచ్‌మన్ కదా, తెచ్చి ఇస్తాడు. జవాబు కూడా వాడికే ఇవ్వు.

మీ ట్రస్టు వాళ్ళు మాకు పరీక్ష పెట్టారు. పోయే కాలం దగ్గరపడ్డవాళ్ళను ఈ ఇంట్లో ఎలా చూసుకుంటున్నారో కొలవాలట. బియ్యం కొలవడం చూశాను, బంగారం కొలవడం చూశాను, చావబోయేవాడి సుఖాన్ని కొలవడం ఇప్పుడే చూస్తున్నాను. వచ్చినాయన ముఖాల బొమ్మలున్న అట్ట ఒకటి పట్టుకొచ్చాడు. మొదటి ముఖం నవ్వుతూ ఉంది, దాని కింద సున్నా. చివరి ముఖం ఏడుస్తూ ఉంది, దాని కింద పది. నొప్పి ఎంతో వేలు పెట్టి చూపించాలి. నా పక్క మంచం ఓబలప్ప ఆ ఏడుపు ముఖాన్ని ఎగాదిగా చూసి, "ఇది మా వియ్యంకుడు కదప్పా, ఈయన్ని యాడ పట్టినారు?" అన్నాడు. వార్డంతా ఒకటే నవ్వు.

ఆ పరీక్ష పేపరు తయారుచేసింది నువ్వేనని కుముద సిస్టర్ చెప్పింది. మన పిల్ల పేపరు, మనం ఫస్టు రావాలి అన్నాను. మగవాళ్ళమంతా సున్నా మీదే వేలు పెట్టాం. ఒక్క ఆదినారాయణప్ప పెట్టలేదు. పాపం, గొంతు క్యాన్సరు, మాట పోయింది. ఆయన దగ్గర ఎక్కువసేపు ఆగకుండా వచ్చినాయన ముందుకు పోయాడు.

నాకేం కొదవ లేదు. కుముద సిస్టర్ బంగారం. అన్న బాగున్నాడని మీ అమ్మ మారమ్మకు చెప్పు.

నీ మేనమామ
చౌడప్ప


బెంగుళూరు,
26 జూన్ 2011

మామకు రత్న నమస్కారాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వియ్యంకుడి మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో. రెండోసారి చదవమంది, మూడోసారి కూడా చదవమంది.

మామా, మీరు నిజంగానే ఫస్టు వచ్చారు! మా ట్రస్టు నడిపే ఇళ్ళన్నింటిలో నొప్పి తగ్గించడంలో మీ ఇల్లే మొదటిది. మా పై ఆఫీసరు శ్రీధర గారు మీటింగులో లేచి నిలబడి చదివారు. నాన్న పోయాక నన్ను చెయ్యి పట్టుకుని నర్సింగు స్కూల్లో చేర్పించింది నువ్వే. నువ్వున్న ఇంటికి ఆ పేరు రావడం నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇంకో మంచి వార్త. కోలారు పక్కన తమకలో కొత్త ఇల్లు తెరుస్తున్నాం. అక్కడ మంచం పట్టినవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి చూశాను, వాళ్ళ బాధ చూడలేకపోయాను. మార్ఫిన్ ఇవ్వడానికి శిక్షణ తీసుకున్న నర్సు అక్కడ లేదు. మీకు నొప్పి లేదు కాబట్టి అక్టోబరు నుంచి కుముద సిస్టర్‌ను తమకకు మార్చవచ్చని నేనే రాసిచ్చాను. ఆమె వెళ్ళాక మీ మందు బీరువా తాళం కోలారు డాక్టరు దగ్గర ఉంటుంది. ఆయన వారానికి రెండుసార్లు వస్తారు, మీకు అది చాలు.

వేడినీళ్ళే తాగుతున్నావా? బీడీ వాసన వస్తోందని కుముద చెప్పింది. అది ఓబలప్ప మామదని చెప్పకు, ఆయన మానేసి చాలా కాలమైంది.

నీ రత్న


ఆండర్సన్‌పేట,
3 జూలై 2011

రత్నా,

దీవెనలు తర్వాత. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాను గానీ, నువ్వు చేసి చూపించావు. ఫస్టు వచ్చినవాడి పలక లాక్కుని చివరివాడికి ఇస్తారా ఎక్కడైనా? మంచి మార్కులు పడితే సిస్టర్‌కు మేలు జరుగుతుందనుకుని వేశాం. వేసిన పాపానికి ఆమెనే పట్టుకుపోతావా?

ఆ మార్కులు వెనక్కి తీసుకో. మేము వేసినవే, మేమే తీసేస్తున్నాం.

నా కోసం చెప్పడం లేదు. నాకేం లేదు.

చౌడప్ప


బెంగుళూరు,
10 జూలై 2011

మామా,

నీ ఉత్తరం చదివి బేజారైంది. అమ్మకు చదవలేదు. పాండు తెచ్చిన ఉత్తరంలో ఏం రాశాడని అమ్మ అడిగితే, బాగున్నాడని రాశాడు అన్నాను.

కుముద మంచిదని నాకూ తెలుసు. ఆమె చేతి కాఫీకి, ఆమె మాటకు మీరంతా అలవాటు పడ్డారు. కానీ తమకలో ఉన్నవాళ్ళు మనుషులు కారా? అక్కడ ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. గిన్నెలో అన్నం ఒకరికే ఉంటే ఆకలి ఉన్నవాళ్ళకు పెట్టాలని నేర్పింది నువ్వు కాదా?

మార్కులు వెనక్కి తీసుకోవడం కుదరదు. నొప్పి ఉన్నవాడి మాటే లెక్క, వాడు ఎంతంటే అంత, ఇంకెవరూ దాన్ని మార్చకూడదు. మా పనికంతటికీ అదే పునాది. డాక్టరు కూడా "నీకంత నొప్పి లేదులే" అనకూడదని నేను అందరికీ పాఠం చెబుతాను. నువ్వు సున్నా అంటే నేను సున్నా అనే రాయాలి. ఇంకేదైనా రాస్తే నిన్ను నమ్మనట్టే.

కాబట్టి ఒక్క మాట రాయి. నీకు నొప్పి ఉందా, లేదా? ఉంటే ఉందను, ఆ కాగితం పట్టుకుని నేను ఎవరితోనైనా పోట్లాడతాను. లేకపోతే ఊరికే సుమ్మనే నన్ను తిట్టకు.

రత్న


ఆండర్సన్‌పేట,
24 జూలై 2011

రత్నకు,

నాకు లేదు. ఉందా లేదా అన్నావు, అయింది జవాబు.

ఇక ఓబలప్ప సంగతి. ఈయన ఎముకల్లో క్యాన్సరు. నొప్పి వచ్చినప్పుడు తుండుగుడ్డ మడిచి నోట్లో కుక్కుకుంటాడు. ఎవరైనా వస్తే తీసి ముఖం తుడుచుకుంటున్నట్టు నటిస్తాడు. కుముద మందు ఇచ్చాక కాసేపటికి పిడికిలి విప్పుతాడు, నన్ను పిలిచి పులిజూదం వేస్తాడు, దొంగాట ఆడతాడు. మందు లేటయిన రోజున పలకరించినా పలకడు. ఆయనకు తొమ్మిది వెయ్యి. సిస్టర్ పోయి, తాళంచెవి వారానికి రెండుసార్లు వస్తే, మిగతా రోజుల్లో ఆ గుడ్డ ఎంత కొరికినా సరిపోదు.

మరి ఆయనెందుకు సున్నా చూపించాడని అడుగుతావు. బంగారు గనిలో పనిచేసేటప్పుడు మా గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. మీ నాన్న కూడా ఆ గ్యాంగే గానీ, ఇంట్లో ఆడవాళ్ళకు ఇవి చెప్పేవాళ్ళం కాదు. లోపలికి దిగాక తన నొప్పి తను చెప్పుకోకూడదు. "బండ వింటాదిరా" అనేవాడు మా మేస్త్రీ మునియప్ప. నొప్పి అన్నవాడి మీదే బండ పగులుతుందని మా నమ్మకం. చదువుకున్నదానివి, నవ్వుకో. అయితే మనిషిని గాలికి వదిలేసేవాళ్ళం కాదు. డ్రిల్లింగ్ మిషన్‌కు ఇద్దరు. నా మాట నా జోడీ చెప్పాలి, ఆయన మాట నేను చెప్పాలి. "మేస్త్రీ, ఓబలప్పకి భుజం పోయినాది, పైకి పంపించు" అని నేనంటే, ఓబలప్ప నన్ను నాలుగు తిట్టి పైకి పోయేవాడు. జోడీ చెప్పాక మేస్త్రీ మారు ప్రశ్న వేసేవాడు కాదు.

మా వార్డులో అందరూ ఆ గ్యాంగుల నుంచి వచ్చినవాళ్ళే. గని మూతపడింది గానీ ఈ పద్ధతి మూతపడలేదు. మీరేమో ఒక్కొక్కణ్ణి విడిగా పట్టుకుని నీ నొప్పి ఎంతని అడిగారు. సున్నా కాక ఇంకేం చెబుతారు?

ఇంతవరకు రాసి ఓబలప్పకు చదివి వినిపించాను. తిట్టాల్సింది తిట్టాడు. తర్వాత, "నా మాట రాసినావు సరే. ఇంగ నీ మాట నేను చెప్తా, రాయి" అన్నాడు. రాయనన్నాను. "అయితే సిస్టర్ని పిల్చి చెప్తా" అన్నాడు. ఆయనకు చదువు రాదు కాబట్టి రాసేది కూడా నేనే. ఇదిగో ఆయన చెప్పింది:

"రత్నమ్మా, మీ మామ వెల్లకిల పండుకోని శానా కాలమైనాది. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకోని, గోడకి ఆనుకోని, కూర్చోనే నిద్దరపోతాడు. నువ్వు ఫోన్ చేస్తే దగ్గొస్తాందని పెట్టేస్తాడే, అది దగ్గు కాదమ్మా. నొప్పి. గొంతులో నీకు తెలిసిపోతాదని పెట్టేస్తాడు. ఈయనకి ఏడు వెయ్యి."

చివరి మాటలు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా ఆయనకు తెలియదు. కానీ జోడీ మాట కొట్టేయకూడదు. అందుకని పంపిస్తున్నాను.

చౌడప్ప


బెంగుళూరు,
2 ఆగస్టు 2011

మామా,

ఉత్తరం ఆఫీసులో చదివి బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. ఇంటికొచ్చి అమ్మకు చదివాను. అమ్మ ఏడవలేదు, కోపం తెచ్చుకుంది. "మీ నాయన గూడా అంతే. యాడ నొప్పి అంటే నవ్వేవాడు. ఎవరన్నా వచ్చి నాకు చెప్పింటే నేను చూసుకోనుంటినే" అంది. రాత్రి అన్నం తినలేదు.

నేను శ్రీధర గారి దగ్గరికి వెళ్ళాను. మన కొలత తప్పు, కేజీఎఫ్ ఇంట్లో పక్క మంచం మనిషిని అడగాలి, కుముద మార్పు ఆపండి అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు మామా. కానీ నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పాడు: "మనిషి నొప్పి మనిషే చెప్పాలి. పక్కవాడు చెప్పింది ఏ లెక్కలోకీ రాదు." పైగా నా మేనమామ అక్కడ ఉన్నాడు కాబట్టి నేను పక్షపాతంతో మాట్లాడుతున్నానని మీటింగులో ఎవరో అన్నారు. అవును, పక్షపాతమే, అందులో దాచేదేముంది అన్నాను. అందరూ నా వైపు చూశారు.

చివరికి శ్రీధర గారు సెప్టెంబరులో తనే వచ్చి మళ్ళీ అడుగుతానని ఒప్పుకున్నాడు. నన్ను రావద్దన్నాడు. మామా, ఈ ఒక్కసారికి మీ పద్ధతి పక్కన పెట్టండి. ఎవరి నొప్పి వాళ్ళు నోరు తెరిచి చెప్పండి. ఆ ఇంటి మీద బండ లేదు, రేకులే ఉన్నాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

రత్న


ఆండర్సన్‌పేట,
11 సెప్టెంబరు 2011

చిరంజీవి రత్నకు దీవెనలు.

నువ్వు చెప్పినట్టు చేయలేదు. ముందే చెబుతున్నాను, తిట్టుకుంటే తిట్టుకో.

నువ్వు రాసింది వార్డులో అందరికీ చదివాను. ఆదినారాయణప్ప పక్క మంచం రామకృష్ణప్ప, "వాళ్ళ కొలతకి మనం సరిపోకపోతే, కొలత మార్చుకోవల్లగానీ మనం యాల మారల్ల?" అన్నాడు. మా అందరి మాటా అదే అయింది. బతుకంతా ఒక రకంగా ఉండి, పోయే ముందు ఒక అట్ట కోసం ఇంకో రకంగా కావాలా?

శ్రీధర గారు వచ్చి ఓబలప్ప దగ్గర కూర్చున్నాడు. నొప్పి ఎంత అన్నాడు. "చౌడప్పని అడగండి సార్" అన్నాడు ఓబలప్ప. నా దగ్గరికి వచ్చాడు. "నాది ఓబలప్పని అడగండి" అన్నాను. మూడో మంచం నాలుగో మంచాన్ని చూపించింది, నాలుగు మూడును చూపించింది. అందరి వేళ్ళూ పక్కకే. ఆయనకు కోపం వచ్చింది. "ఏమిది, తమాషానా? మీ మంచికోసమే కదా వచ్చినాను" అని లేచాడు.

నాకూ వచ్చింది కోపం. "తమాషా మీది సార్. మీరు అడిగినట్టు చెప్పినాము, మా సిస్టర్ని తీసుకోని పోతాండారు. ఇంగ మేము చెప్పినట్టు అడగండి" అన్నాను. ఆ మాట పూర్తి చేయడానికి మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నాను. ఆయన పోకుండా నిలబడి విన్నాడు, ఆ మర్యాద మాత్రం ఒప్పుకోవాలి.

అప్పుడు రామకృష్ణప్ప పిలిచాడు. "సార్, ఇట్ల రండి. ఈ ఆదినారాయణప్పకి మాట లేదు. మీ మనిషి పోయినసారి ఈయన్ని దాటుకోని పోయినాడు. ఈయన మాట నేను చెప్తా. మింగినప్పుడల్లా కాళ్ళు కొట్టుకుంటాడు. దానికి భయపడి నీళ్ళు తాగడు. నీళ్ళు తాగకుండా ఉండే మనిషికి ఎంత వేస్తారు?" శ్రీధర గారు అట్ట తీసి ఆదినారాయణప్ప ముందు పట్టుకున్నాడు. ఆదినారాయణప్ప రామకృష్ణప్ప వైపు ఒకసారి చూసి, చివరి ముఖం మీద వేలు పెట్టి, తీయలేదు. శ్రీధర గారు ఆ మంచం మీదే కూర్చుండిపోయాడు. తర్వాత మొదటి మంచం దగ్గరికి వచ్చి, "చెప్పప్పా, ఓబలప్ప ఎట్లుండాడు?" అని నన్ను అడిగాడు.

ఒక గలాటా మాత్రం జరిగింది. అంకెలన్నీ విని కుముద సిస్టర్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన పని బాగాలేదని మేము ఫిర్యాదు చేస్తున్నామనుకుంది. "నీ మీద కాదమ్మా, నువ్వు పోకూడదని" అన్నాను. "మరి ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదన్నా?" అంది. నాకు ఆమె ముఖం చూడటానికి సిగ్గేసింది.

నీ మామ


బెంగుళూరు,
25 సెప్టెంబరు 2011

మామకు, వార్డులో అందరికీ నా నమస్కారాలు.

చివరి ర్యాంకు వచ్చింది! ట్రస్టు ఇళ్ళన్నింటిలో మీదే అధ్వానం. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

ఆఫీసులో పెద్ద రచ్చ. మొదటి ఇల్లు మూడు నెలల్లో చివరికి ఎలా పడిందో సంజాయిషీ రాయమన్నారు. రాశాను. "పడలేదు, ఇప్పుడే మొదటిసారి సరిగా కొలిచాం" అని ఒకటే వాక్యం. మర్యాదగా ఇంకా నాలుగు వాక్యాలు కలపమన్నారు. కలపనన్నాను. శ్రీధర గారు ఆ కాగితం కింద తనూ సంతకం పెట్టారు.

కుముద మీ దగ్గరే ఉంటుంది. ఇకనుంచి ఆమె రోజూ పొద్దున రెండు ప్రశ్నలు అడుగుతుంది: నువ్వెలా ఉన్నావు, పక్కాయన ఎలా ఉన్నాడు. రెండూ వేరైతే మళ్ళీ వచ్చి కూర్చుని చూస్తుంది. మీ ఓబలప్ప మామకూ నీకూ మందు పెంచారని విన్నాను. తాగు. తుండుగుడ్డలో ఉమ్మేయకు.

తమకవాళ్ళను ఏం చేస్తారని ఆఫీసులో అడిగారు. నాకూ ఆ శిక్షణ ఉంది, నేనే పోతానన్నాను. కొత్త నర్సులు నేర్చుకుని వచ్చేదాకా ఆఫీసు కుర్చీ వదిలి అక్కడే ఉంటాను. అమ్మ కూడా నాతో వస్తోంది, ఇకమీదట ఉత్తరాలు తపాలాలో తమకకే వెయ్యి. "ఆఫీసర్ కొలువు పోగొట్టుకోని మళ్ళీ ఇంజెక్షన్ వేస్తావా" అని సణుగుతూనే గిన్నెలు సర్దుతోంది.

నీ రత్న


ఆండర్సన్‌పేట,
20 నవంబరు 2011

రత్నకు దీవెనలు.

ఓబలప్ప మొన్న పోయాడు. ముందురోజు సాయంత్రం కూడా పులిజూదం ఆడాం. దొంగాట ఆడి గెలిచాడు. పొద్దున కుముద అడిగితే, బాగున్నాడమ్మా, నిద్దరపోతాండాడు అని చెప్పాను. నిజంగానే అప్పుడు నిద్రపోతున్నాడు. మధ్యాహ్నానికి అలాగే పోయాడు. ముఖం నలగలేదు. అంత హాయిగా పోయినవాణ్ణి మా గ్యాంగులో నేను చూడలేదు.

నాకు చాలా దుఃఖంగా ఉంది. మంచం ఖాళీగా ఉంది. ఇంతకంటే రాయలేను.

మామ


తమక,
27 నవంబరు 2011

మామా,

అమ్మ నీ ఉత్తరం పట్టుకుని నిన్నంతా కూర్చుంది. ఆదివారం ఇద్దరం రావాలనుకున్నాం గానీ ఇక్కడ ముగ్గురి పరిస్థితి బాగాలేదు, నేను కదలలేను.

నీ మాట ఇప్పుడు ఎవరు చెబుతారు? కుముద అడిగితే మళ్ళీ సున్నా అంటున్నావట. నాకు భయంగా ఉంది. జోడీగా నన్ను పెట్టుకో. రోజూ ఒక్కసారి ఫోన్ ఎత్తు, మాట్లాడవద్దు, ఊపిరి వినిపించు చాలు. నేను విని కుముదకు చెబుతాను.

రత్న


ఆండర్సన్‌పేట,
8 జనవరి 2012

చిరంజీవి రత్నకు, చెల్లెలు మారమ్మకు దీవెనలు.

అక్షరాలు వంకరగా ఉన్నాయి, సర్దుకుని చదువు.

నిన్ను జోడీగా పెట్టుకోవడం కుదరదు. జోడీ అంటే పక్కన ఉండాలి, అదే దుమ్ము పీల్చాలి. నీ దుమ్ము అక్కడ వేరే ఉంది, దాన్ని చూసుకో.

పక్క మంచంలోకి చిన్నవెంకటప్ప అని లక్కూరు రైతు వచ్చాడు. గని ముఖం ఎరగడు. వచ్చిన రోజే "అయ్యో, సచ్చిపోతాండాను, ఎవరన్నా రాండి" అని అరిచాడు. మాకు అసహ్యం వేసింది, మగవాడు ఇలా అరుస్తాడా అని. కుముద వచ్చి మందిచ్చింది. కాసేపటికి లేచి కూర్చుని, ఏం జరగనట్టు, టమాటా ధర గురించి నాతో మాట్లాడాడు. నేను గోడకు ఆనుకుని, పక్కటెముకలు పట్టుకుని వింటున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. నా మీద, ఆ బండ మీద, మునియప్ప మేస్త్రీ మీద, నా మాట చెప్పేవాడు లేకుండా చేసి పోయిన ఓబలప్ప మీద.

నిన్న పొద్దున కుముద వచ్చి, "ఎట్లుండావన్నా?" అంది. అలవాటుగా పక్క మంచం వైపు చూశాను. చిన్నవెంకటప్ప వక్క నములుతున్నాడు. "ఎనిమిది" అన్నాను. ఆమెకు వినపడలేదేమో, వంగింది. "ఎనిమిది! రాసుకో!" అని అరిచాను. అరిచినందుకు దగ్గు వచ్చింది, నిజం దగ్గే. వార్డంతా నా వైపు చూసింది. రామకృష్ణప్ప పైకప్పు వైపు చూశాడు. కుముద ఇంకో మాట అడగకుండా తాళంచెవి తీసుకుని పోయింది.

మధ్యాహ్నం రామకృష్ణప్ప కూడా ఆమెను పిలిచాడు. మెల్లగా చెప్పాడు, ఎంతో నాకు వినపడలేదు. వాళ్ళిద్దరి మాట, నాకెందుకు?

కొలిచేవాళ్ళు మళ్ళీ వస్తే ఈ ఇల్లు మళ్ళీ చివరే వస్తుంది. రానీ. సంజాయిషీలో ఆ ఒక్క వాక్యమే రాయి, నాలుగు కలపకు.

వీలు చూసుకుని ఫోన్ చెయ్యి. ఎలా ఉన్నావు మామా అని అడుగు. ఈసారి పెట్టేయను, చెబుతాను.

నీ మేనమామ
చౌడప్ప